వెంకటరత్నమ్మ శేషాల పుస్తకం

మార్కాపురంలో మూఢనమ్మకాలకు నాకంటే పెద్ద శత్రువు లేడని మా కాలేజీలో పేరు. రాహుకాలం పోయాక హాల్ టికెట్ తీసుకుంటానన్న పిల్లవాణ్ణి గంటసేపు క్లాసు బయట నిలబెట్టాను. స్టాఫ్ రూమ్ గుమ్మానికి నిమ్మకాయ కట్టిన తోటి లెక్చరర్‌తో నెల రోజులు మాట్లాడలేదు. అలాంటి నేను, ఇంటర్మీడియట్ లెక్కలు చెప్పుకునే ఆరిఫ్‌ని, కిందటేడు జూన్‌లో ఒక మధ్యాహ్నం గిద్దలూరు రోడ్డు పక్కన స్కూటర్ ఆపుకుని, ఒక సంఖ్య పగిలిపోయిందన్న భయంతో నిలబడ్డాను. ఈ సంగతి మా కాలేజీలో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

ఆ సంఖ్య 667,70,10,337. ఆరు వందల అరవై ఏడు కోట్ల డెబ్భై లక్షల పది వేల మూడు వందల ముప్పై ఏడు. చివర ఏడు ఉంది కాబట్టి బేసి సంఖ్య, దేనికీ వర్గమూ కాదు. అంకెలన్నీ కూడితే నలభై, కాబట్టి మూడుతో పోదు. ఏడుతో భాగిస్తే నాలుగు మిగులుతుంది, పదకొండుతో ఎనిమిది, పదమూడుతో పది. ఇవేవీ నేను కట్టిన లెక్కలు కావు. పలకల ఫ్యాక్టరీలో చెక్క చట్రాలు బిగించే వెంకటరత్నమ్మ కట్టినవి.

వెంకటరత్నమ్మ, మా అమ్మీ జులేఖా ఒకే బల్ల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశారు. అమ్మీ పలక అంచులు అరగదీసి ఇస్తే ఈమె చట్రం బిగించేది. నేను ఆమెను చిన్నమ్మా అని పిలుస్తాను. తొమ్మిదో తరగతి మధ్యలో ఆమె చదువు మాన్పించి ఫ్యాక్టరీకి పంపించారు. లెక్కల మాస్టారు బ్రహ్మం సారుకు అది మింగుడుపడలేదు. ఇంటికొచ్చి పెద్దవాళ్లతో తగువు పెట్టుకుని, ఏమీ చేయలేక, పోతూ పోతూ ఒక కాగితం మీద ఈ పది అంకెలు రాసిచ్చాడట. "ఇది ప్రధాన సంఖ్యో కాదో నాకూ తెలియదమ్మా. తీరికైనప్పుడు చూడు" అన్నాడట.

ప్రధాన సంఖ్య అంటే ఒకటీ, తనూ తప్ప ఇంకే సంఖ్యా మిగులు లేకుండా భాగించలేనిది. చూసే పద్ధతి కూడా సారే చెప్పాడు. ఒక సంఖ్య రెండు సంఖ్యల గుణకారంగా విడిపోయేదైతే, ఆ రెంటిలో చిన్నది దాని వర్గమూలానికి మించదు. దీని వర్గమూలం ఎనభై ఒక్క వేల ఏడు వందల పన్నెండు, పైన కొంచెం. అంతలోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో ఒక్కొక్కటిగా భాగించి చూడాలి. ఒక్కదానితోనైనా సున్నా మిగిలిందా, సంఖ్య పగిలినట్టు. ఆ భాజకాలు ఎనిమిది వేలకు కాస్త తక్కువ; వాటి జాబితా కూడా ఆమే తయారు చేసుకుంది.

ఆ కాగితం చాలా ఏళ్లు ట్రంకుపెట్టెలో పడి ఉంది. ఆమెకు అంకన్నతో పెళ్లయింది. అంకన్న పలకరాయి క్వారీలో పనిచేసేవాడు. రాయిని సుత్తితో తట్టి, మోగే చప్పుడును బట్టి అది గట్టిదో కాదో చెప్పడంలో అతనికి పేరు. ఒకరోజు తానే తట్టి చూసి గట్టిదన్న రాయి కింద నీడకు కూర్చుని అన్నం తింటుంటే అది విరిగి మీద పడింది. రాయి లోపల సన్నటి తెల్ల చార ఉందని, అక్కడే విరిగిందని తర్వాత చెప్పారు. వాళ్ల కొడుకు రాజేష్‌కు అప్పుడు రెండేళ్లు.

నాలుగో ఏట రాజేష్‌కు ఫిట్స్ మొదలయ్యాయి. గుంటూరు ఆసుపత్రిలో పక్క మంచం దగ్గర యల్లమ్మ అనే ఆవిడ, మొగుడు కోలుకోవాలని గళ్ల పుస్తకంలో రామకోటి రాస్తుండేది. ఖాళీ పుస్తకం ఒకటి తెచ్చి వెంకటరత్నమ్మ చేతిలో పెట్టింది. ఈమె రెండు వరసలు రాసి ఆపేసిందట.

"చెయ్యి ఆడతాంది గానీ మనసు నిలబడలా ఆరిఫూ" అని ఆమె తర్వాత నాతో చెప్పింది. "కళ్లు పుస్తకం మీద, ప్రాణం మంచం మీద. లెక్కైతే అట్ల గాదు. యాడ తప్పు పోతాదో అని భయముంటది. ఆ భయంలో పడితే ఈ భయం రోంత తగ్గుతాది."

అప్పుడు గుర్తొచ్చింది బ్రహ్మం సారు సంఖ్య. అది పగలకుంటే నా బిడ్డకు ఏమీ కాదు అని మొక్కుకుంది. రోజుకొక ప్రధాన సంఖ్య. 2003 ఆగస్టు 12న రెండుతో మొదలుపెట్టింది. ఒకటి మిగిలింది. ఆ రోజు పిల్లవాడికి ఫిట్స్ రాలేదు.

డాక్టర్లు ఇచ్చిన మాత్రలు మూడేళ్లు వాడితే ఫిట్స్ పూర్తిగా తగ్గిపోయాయి. మాత్రలే తగ్గించాయని నేనెప్పుడో అన్నాను. "ఒక్క పూటైనా ఆపినానా ఏంది? అవీ వేసినా, ఇదీ రాసినా" అంది.

లెక్క చేయడానికి ఆమెకు ఉన్నది ఒకే పలక. ఒక పక్కన తెల్ల చార ఉందని ఫ్యాక్టరీలో తీసి పడేసింది. అలాంటివి పనివాళ్లు ఇంటికి తెచ్చుకోవచ్చు. పొద్దున్నే స్నానం చేసి, ఆ పలక మీద బలపంతో భాగహారం చేసి, గళ్ల పుస్తకంలో ఒక వరసకు తారీఖు, భాజకం, శేషం రాసేది. మిగిలిన గళ్లలో ఆ రోజు సంగతి రెండు మాటలు. తర్వాత తడిగుడ్డతో పలక తుడిచేసేది. రామకోటి రాసేవాళ్లు కొట్టివేతలు పెట్టరు, వెనక్కి పోయి దిద్దరు. ఆమె కూడా అంతే. చేసిన భాగహారాన్ని రెండోసారి చేస్తే మొక్కును అనుమానించినట్టు. లెక్కల మనిషినైన నాకు ఈ మాట వింటేనే ఒళ్లు మండింది. సరిచూసుకోని లెక్క లెక్కే కాదని పిల్లలకు రోజూ మొత్తుకునేవాణ్ణి కదా.

ఇంకొక నియమం రాజేష్ మీద ఉండేది. ఆ రోజు శేషం రాసేదాకా వాడు గడప దాటకూడదు. బడికి పోయేటప్పుడు సంచీ తగిలించుకుని గడప లోపల నిలబడేవాడు. పెద్దవాడై పలకల లోడు తోలే మినీ లారీ డ్రైవరయ్యాక సీట్లో కూర్చుని, ఇంజన్ వేయకుండా వాకిలి వైపు చూసేవాడు. లోపల్నుంచి "రాసినా, పో" అని వినపడ్డాకే తాళం తిప్పేవాడు. ఇరవై ఆరేళ్లు వచ్చినా అంతే. తోటి డ్రైవర్లు ఎగతాళి చేస్తే నవ్వేసి ఊరుకునేవాడు.

నిరుడు జూన్ 12దాకా నాకు ఇందులో సగం కూడా తెలియదు. చిన్నమ్మ పొద్దున్నే ఏవో లెక్కలు చేసుకుంటుందని మాత్రం అమ్మీ చెప్పేది. ఆ రోజు కాలేజీ గేటు దగ్గరికి వెంకటరత్నమ్మ వచ్చింది. చెట్టు కింద కూర్చోబెడితే కొంగులోంచి కాగితం తీసింది.

"ఇంక పదకొండే ఉండాయి నాయనా. కళ్లు మసకలైనాయి. ఈ పదకొండూ ప్రధాన సంఖ్యలేనా, నడుమ ఏదన్నా వదిలేసినానా, చూసి చెప్పు."

ఎందుకీ లెక్కని అడిగితే అప్పుడు చెప్పింది మొత్తం. చెబుతున్నంతసేపూ గొంతు తగ్గించే మాట్లాడింది, ఎవరో వింటే లాక్కుపోతారన్నట్టు. ఇరవై రెండేళ్లు ఒక మనిషి ఇంత భయాన్ని పట్టుకుని, పక్కనే మా అమ్మీతో నవ్వుతూ చట్రాలు బిగించిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

"పెద్ద అంకె మాత్రం ఫోన్లో వెయ్యొద్దు" అంది.

"ఒక్క క్షణంలో తేలిపోతుంది కదా చిన్నమ్మా."

"అందుకే వద్దంటాండా. క్షణంలో తేలాల్సింది గాదు అది. జులేఖా మీద ఒట్టు పెట్టు."

పెట్టాను. ఒట్లంటే నమ్మకం లేనివాడికి ఒట్టు పెట్టడం ఎంతసేపు? రాజేష్ ఎక్కడని అడిగితే, లోడు తీసుకుని నంద్యాల పోయాడని, ఈ పాటికి గిద్దలూరు దాటి అడవిలో ఘాటు రోడ్డు మీద ఉంటాడని చెప్పి వెళ్లిపోయింది.

స్టాఫ్ రూమ్‌లోకి వచ్చి అయిదు నిమిషాలు కూడా ఆగలేదు. నా ఆలోచన మంచిదే అనుకున్నాను. అన్నేళ్లుగా ఒక్కరోజూ సున్నా రాలేదంటే అది ప్రధాన సంఖ్యే అయ్యుంటుంది. ఆ మాట ముందే రూఢి చేసుకుంటే, ఆఖరి రోజు నిబ్బరంగా పక్కన కూర్చోవచ్చు. ఫోన్లో పది అంకెలు కొట్టి కారణాంకాలు అడిగాను.

20011 × 333667.

అంకె తప్పు కొట్టాననుకుని మళ్లీ కొట్టాను. అదే వచ్చింది. కాగితం తీసి చేత్తో గుణించాను. ఆరు వందల అరవై ఏడు కోట్ల డెబ్భై లక్షల పది వేల మూడు వందల ముప్పై ఏడు, ఒక్క అంకె తేడా లేకుండా. రెండే రెండు ముక్కలు, రెండూ ప్రధాన సంఖ్యలు. పాఠంలో అయితే దీన్ని సంయుక్త సంఖ్య అని చెప్పి ముందుకు పోతాను. ఆ రోజు నాకు ఆ మాట తట్టనే లేదు. తట్టింది రాజేష్ పేరు.

ఫోన్ చేశాను. అందుబాటులో లేదు. ఘాటులో సిగ్నల్ ఉండదని నాకు తెలుసు, మార్కాపురంలో పుట్టినవాళ్లందరికీ తెలుసు. అయినా మళ్లీ చేశాను. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మీ ఎత్తింది.

"క్యా హువా రే? క్లాసు లేదా?"

"ఏం లేదమ్మీ. ఊరికే."

"ఊరికే చేసే మొహమేనా నీది?" అని పెట్టేసింది. అమ్మీ బాగానే ఉంది. నేను ఒట్టు మాట గుర్తొచ్చే ఫోన్ చేశానని నాకు అప్పుడు అర్థమై సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. సిగ్గు వేసినంత మాత్రాన భయం పోలేదు.

స్కూటర్ తీసుకుని ఊరి బయటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. ఘాటు అక్కడికి డెబ్భై కిలోమీటర్ల పైనే. రోడ్డు పక్కన నిలబడి అటునుంచి వచ్చే లారీలన్నిటి ముందు అద్దాలూ చూశాను, ప్రమాదం చూసి వచ్చిన మొహమేదైనా కనిపిస్తుందేమోనని. మనసు మళ్లించుకుందామని ఆ సంఖ్యతోనే ఆట మొదలుపెట్టాను. లెక్కల్లో ఆనంద సంఖ్యలని ఉన్నాయి. అంకెల వర్గాలు కూడాలి, వచ్చినదాని అంకెల వర్గాలు మళ్లీ కూడాలి, అలా చేస్తూ పోతే చివరికి ఒకటి వస్తే అది ఆనంద సంఖ్య. రాకపోతే కాదు. 238 వచ్చింది. దాన్నుంచి 77, 98, 145, 42, 20, 4, 16, 37, 58, 89, మళ్లీ 145. మళ్లీ 42. గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతోంది, ఒకటి రాదు. పిల్లలు సరదాగా చేసే ఈ ఆట నాకు ఆ ఎండలో చావు కబురులా తోచింది. నాకు ఏడుపొచ్చింది, దాచడమెందుకు.

మూడు దాటాక ఫోన్ మోగింది.

"ఏందన్నా, పంతొమ్మిది మిస్డ్ కాల్స్? మాయమ్మకేమన్నా అయిందా?" రాజేష్ గొంతు.

"ఎక్కడున్నావు రా?"

"నంద్యాలలో. అడవిలో టైరు పంచరైంది, మార్చుకునేసరికి లేటయింది. అమ్మ బాగుందా?"

"బాగుంది. పంచరు ఎప్పుడైంది?"

"పదకొండున్నరప్పుడు. ఎందుకన్నా?"

నేను ఫోన్లో సంఖ్య కొట్టింది కూడా పదకొండున్నరకే. టైర్లు పంచరవుతాయి, రోజూ అవుతాయి, ఎండాకాలం ఇంకా ఎక్కువ అవుతాయి. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు జాబితా సరిగ్గానే ఉందని చెప్పే నెపంతో వాళ్లింటికి వెళ్లాను. ఆమె టీ పెడుతుంటే పుస్తకాల కట్ట విప్పి 20011 ఉన్న వరస వెతికాను. శేషం 19736 అని రాసి ఉంది. సున్నా ఉండాల్సిన చోట పంతొమ్మిది వేల ఏడు వందల ముప్పై ఆరు. ఆమె గ్లాసులతో వస్తుంటే గబుక్కున మూసేశాను.

ఆ పదకొండు రోజులూ నేను పడ్డ నరకం నాకే తెలుసు. చెబితే ఆమె ఏమైపోతుంది? కొడుకు ప్రాణానికి కట్టిన కట్టు తెగిందని తెలిసిన తల్లిని ఎవరు పట్టుకోగలరు? చెప్పకపోతే, రేపు ఆమె నన్నే అడుగుతుంది, లెక్కల లెక్చరర్ని కాబట్టి. అబద్ధం చెప్పి ఒక సంయుక్త సంఖ్యను ప్రధాన సంఖ్య అంటే, మళ్లీ ఏ మొహంతో నల్లబోర్డు ముందు నిలబడాలి? ఇవన్నీ ఒక ఎత్తు. లోపల్లోపల ఇంకొకటి ఉంది. చెబితే నిజంగానే రాజేష్‌కు ఏమన్నా అవుతుందేమోనని. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు ఏడాది పట్టింది.

ఆమె భయం నా భయం కంటే గట్టిది. రోజులు దగ్గరపడేకొద్దీ అన్నం తగ్గించింది. పనికి పోవడం మానేసింది. ఆఖరి మూడు రోజులు రాజేష్‌ను బండి తీయనివ్వలేదు, తాళాలు బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. నేను వెళ్లేసరికి తల్లీకొడుకులు గొడవ పడుతున్నారు.

"లోడు నా కోసం ఆగతాదా? ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటాడమ్మా ఓనరు."

"పెట్టుకోనీ. మూడు దినాలు. ఇంక జన్మలో అడగను."

"నీకు నేనెప్పటికీ నాలుగేండ్లోణ్ణే" అని రాజేష్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాడికి కోపం వచ్చినట్టు నేను చూడడం అదే మొదలు.

జూన్ 23, సోమవారం. పొద్దున ఏడింటికే రమ్మని కబురు చేసింది. రాజేష్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను గుమ్మం పక్కన కూర్చున్నాను. వెంకటరత్నమ్మ నేల మీద పలక పెట్టుకుని చివరి భాజకంతో భాగహారం మొదలుపెట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. చెమటకు బలపం జారుతోంది.

సున్నా రాలేదు. పుస్తకంలో రాసి, బలపం పక్కన పెట్టి, పుస్తకం మూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అయిపోయింది ఆరిఫూ. నువ్వు చదువుకున్నోడివి, నీ నోటితో చెప్పు. ఇది ప్రధాన సంఖ్యే గదా?"

పదకొండు రోజులుగా ఈ ప్రశ్నకు జవాబు తయారు చేసుకుంటూనే ఉన్నాను. అవునని తలాడిస్తే చాలు. నా తల ఆడలేదు. ఆమె నా మొహంలోకి చూస్తూ ఉంది, చూస్తూ చూస్తూ ఉండగానే ఆమె పెదాల్లో రంగు పోయింది.

"ఫోన్లో వేసినావు."

"చిన్నమ్మా, నేను మంచికే..."

"దేంతో పోతాది?"

"వద్దు చిన్నమ్మా."

"దేంతో పోతాదో చెప్పు!" ఆమె అరవడం నేనెప్పుడూ వినలేదు.

"ఇరవై వేల పదకొండు."

ఆమె రాజేష్‌ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఎడమ చేత్తో వాడి మణికట్టు బిగించి పట్టుకుంది. కుడి చేత్తో పలక తుడిచి మళ్లీ పది అంకెలు వేసింది. వాడు అమ్మ చేతిని విడిపించుకోబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. మూడు, మూడు, మూడు. అక్కడ 13347 మిగిలింది. అంకె దించి ఆరు. మళ్లీ ఆరు. చివరికి 140077 దగ్గర ఆగింది. ఇరవై వేల పదకొండును ఏడుతో హెచ్చవేసి కింద రాసింది. అదీ 140077. తీసివేస్తే ఏమొస్తుందో ఒకటో తరగతి పిల్లకైనా తెలుసు. ఆమె మాత్రం ఒక్కొక్క అంకె కింద ఒక్కొక్క సున్నా పెట్టుకుంటూ వచ్చింది, ఆరు సున్నాలు.

నేను రాజేష్ ఛాతీ వైపే చూస్తున్నాను, ఊపిరి ఆడుతోందా లేదా అని. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, అదే చూశాను. బయట ఎవరో ఆటో స్టార్ట్ చేస్తే ముగ్గురం ఉలిక్కిపడ్డాం.

"అమ్మా, చెయ్యి నొప్పి పుడతాంది" అన్నాడు రాజేష్.

ఆమె చెయ్యి వదల్లేదు. "పుస్తకం తియ్యి" అంది నాతో. ఆ వరస చూపించాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది. 21-10-2009. 20011. 19736. పక్క గళ్లలో ఆమె అక్షరాలే: 'కొత్త చట్రం. రాజేషు సీతాఫలాలు తెచ్చినాడు.'

ఆమె పలకను అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్ల చార మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి రాసింది.

"పాత చట్రం ఊడిపోయింది అప్పుడు. నేనే కొత్తది బిగించినా. తలకిందులుగా బిగించినట్టున్నా. చార కుడిపక్క ఉండేది, ఎడంపక్కకు వచ్చింది." 13347 మళ్లీ రాసింది, ఈసారి రెండో మూడు సరిగ్గా చార పక్కన పడేట్టు. మూడు ఎడమవైపు తెరిచి ఉండే చోటును చార మూసేసింది. ఎనిమిది అయింది. ఆ ఎనిమిదితోనే భాగహారం కిందికి లాక్కుపోయింది. 19736 వచ్చింది. ఎన్ని లక్షల పలకలకు చట్రాలు బిగించిన చెయ్యి అది. సొంత పలక దగ్గరే చార ఎటుందో చూసుకోలేదు.

నాకు గుండె తేలికైంది. "చూశావా చిన్నమ్మా" అన్నాను ఉత్సాహంగా. "ఈ సంఖ్య ఎప్పుడో పగిలిపోయింది. వాడికి ఏమైంది? ఏమీ కాలేదు."

ఆమె లెక్క పెడుతోంది.

"పదహైదేండ్ల ఎనిమిది నెలలు" అంది. "పదహైదేండ్ల ఎనిమిది నెలలు ఏ ఆసరా లేకుండా తిరిగినాడు వీడు. బాయిలో ఈత నేర్చుకున్నాడు. క్వారీలోకి పోయినాడు. బండి నేర్చుకున్నాడు. వానలో ఘాటెక్కినాడు, దిగినాడు. నేను ఈడ 'రాసినా, పో' అంటాండా. దేన్ని చూసుకొని పొమ్మన్నా నేను? ఏముంది నా చేతిలో?"

సంతోషిస్తుందనుకుని నేనన్న మాట ఆమెను హడలగొట్టింది. రాజేష్ తల, భుజాలు, చేతులు తడిమి చూసింది, వాడు అప్పుడే ఎక్కణ్ణుంచో కింద పడి లేచినట్టు. జరగని ప్రమాదాలన్నీ, వాడు పదేళ్ల పిల్లవాడైన దగ్గర్నుంచి, ఒక్కసారిగా ఆమె కళ్ల ముందు జరిగాయి. వాడు మొదట నవ్వబోయాడు. తర్వాత అమ్మ తల తన భుజానికి ఆనించుకుని, "ఉండా గదమ్మా. ఈడనే ఉండా గదా" అంటూ కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆమె తేరుకుని టీ పెట్టింది. గ్లాసు నా చేతికిస్తున్నప్పుడు, క్షమించమని అడిగాను.

"నువ్వు చెప్పకపోతే నేను ధీమాగా చచ్చిపోయేదాన్ని" అంది. కోపంగా అన్నదో, కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

"భయపడకు చిన్నమ్మా ఇంక."

"భయం యాడికి పోతాది నాయనా? ఇన్నాళ్లు దానికి ఒక లెక్క ఉండేది. పొద్దున పడితే తొమ్మిదింటికి అయిపోయేది. ఇంక అందరి తల్లుల మాదిరే నేనూ పొద్దుగూకులూ భయపడాల."

మర్నాడు కాలేజీకి పోతూ కావాలనే వాళ్ల సందులోంచి వెళ్లాను. బండి ఇంటి ముందే ఉంది, పలకల లోడుతో. రాజేష్ సీట్లో కూర్చుని, ఇంజన్ వేయకుండా, అలవాటుగా వాకిలి వైపు చూస్తున్నాడు. నేను స్కూటర్ ఆపాను. వెంకటరత్నమ్మ బయటికి వచ్చింది. చేతిలో పుస్తకం లేదు, పలక లేదు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుమ్మం పట్టుకుని నిలబడింది. అలవాటుగా 'రాసినా' అనబోయి ఆగింది. రాజేష్ తాళం మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాడు.

ఆమె గుమ్మం మీది చెయ్యి తీసి, మళ్లీ ప్రయత్నించింది.

"పో నాయనా" అంది.